మేకపాలు పచ్చివే తాగొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కైకలూరు దగ్గర పల్లె. నాలుగు మేకలున్నాయి, మా మామగారే చెరువు గట్ల మీద మేపుకొస్తారు. బాబుకి ఎనిమిదో నెల. నాకు పాలు తగ్గాయి. మేకపాలు తేలిగ్గా అరుగుతాయి, కాస్తే బలం పోతుంది, గుమ్మపాలే పట్టమని మా అత్తగారు అంటున్నారు. ఐదేళ్ల పాపకీ ఇమ్మంటున్నారు. మామగారు ఇప్పటికే తాగుతున్నారు. ఆయనకి కొన్నాళ్లుగా నడుంనొప్పి, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది. గాంధీగారంతటి వారే తాగారు కదా అంటారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. ఏడాది నిండేదాకా తల్లిపాలకు బదులుగా మేకపాలు పట్టొద్దు, కాచినవైనా సరే. వాటిలో ఫోలిక్ యాసిడ్ చాలా తక్కువ. ఐరన్ కూడా అంతంతమాత్రమే. ఒట్టి మేకపాల మీద పెరిగిన పసిపిల్లలు రక్తం తగ్గి పాలిపోతారు. దీన్ని వైద్యులు మేకపాల రక్తహీనత అనే పిలిచారు. తల్లిపాల కంటే వాటిలో ప్రొటీన్లు, లవణాలు ఎక్కువ కాబట్టి పసి కిడ్నీల మీద భారం పడుతుంది. నీళ్లు కలిపితే ఫోలిక్ యాసిడ్ లోపం తీరదు, ఉన్న బలం కూడా పలచబడుతుంది. మీరు రాత్రిపూట కూడా తరచూ రొమ్ము పట్టండి. నిజంగా చాలడం లేదో, అలా అనిపిస్తోందో బాబు బరువు చూసి పిల్లల డాక్టరు చెబుతారు. పైపాలు అవసరమైతే ఏవి పట్టాలో కూడా ఆయన్నే అడగండి. ఎనిమిదో నెలకి మెత్తగా చిదిమిన పప్పన్నం, గుడ్డు, ఆకుకూర, ముల్లు తీసిన చేప ఎలాగూ పెట్టాలి.

ఇక పచ్చిపాలు. ఇంట్లో ఎవరికీ వద్దు. పాపకి కాచి ఇవ్వండి, అభ్యంతరం లేదు.

మేక పొదుగు నేలకు దగ్గరగా ఉంటుంది. పితికిన చెంబులోకి ఒకసారి తొంగి చూడండి. నురగ మీద వెంట్రుక, ఒక్కోసారి పెంటిక నలుసు కనిపిస్తాయి. వాటిని వడకట్టొచ్చు. కంటికి కనపడని బ్రూసెల్లా అనే సూక్ష్మజీవిని వడకట్టలేం. దాని కథ మాల్టా దీవిలో బయటపడింది. అక్కడి బ్రిటిష్ సైనికులు నెలల తరబడి వచ్చిపోయే జ్వరంతో తీసుకునేవారు. ఆ సూక్ష్మజీవిని 1887లో డేవిడ్ బ్రూస్ పట్టుకున్నారు. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియడానికి మరో 18 ఏళ్లు పట్టింది. 1905లో థెమిస్టోక్లిస్ జామిట్ మేకల రక్తం పరీక్షించాక గుట్టు తెలిసింది. నిగనిగలాడుతూ ఇంటింటి గుమ్మంలో నిలబడి పాలిచ్చే మేకల్లోనే అది ఉంది. 1906లో సైనికులకు మేకపాలు ఆపేశారు, జ్వరాలు ఒక్కసారిగా పడిపోయాయి. మేక ఆరోగ్యంగా కనిపిస్తోంది కదా అనుకోవద్దని ఇంతగా చెప్పేది అందుకే.

మనదేశంలో 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో ఈ జబ్బుకి టీకా 4 నుంచి 8 నెలల ఆవు, గేదె ఆడదూడలకే వేస్తారు. మేకలకు ఈ టీకా అందులో లేదు. మీ మందలో ఏ మేకైనా ఈసుకుపోయిందా? పోయి ఉంటే ఈ జబ్బేమో చూడమని పశువుల డాక్టరుకి చెప్పండి. మాయ, పడిపోయిన పిల్లను వట్టి చేతులతో ముట్టుకోవద్దు.

మీ మామగారి విషయం నాకు ఆందోళనగా ఉంది. సాయంత్రం జ్వరం, చెమటలు, నడుంనొప్పి, కీళ్లనొప్పులు ఈ జబ్బు లక్షణాలే. టైఫాయిడ్ అనో, టీబీ అనో పొరబడటం మామూలే. ఆ రెండూ కూడా చూడాల్సినవే. ఆయన మేకలతో ఉంటారని, పచ్చిపాలు తాగుతారని డాక్టరుకి మీరే చెప్పండి. చెప్పకపోతే బ్రూసెల్లా పరీక్ష రాయాలని తట్టదు. ఉందని తేలితే రెండు రకాల మందులు కనీసం ఆరు వారాలు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది.

కాస్తే బలం పోతుందన్నది అపోహ. ప్రొటీన్లు, కాల్షియం అలాగే ఉంటాయి. కొన్ని విటమిన్లు కొద్దిగా తగ్గుతాయి, వాటిని తోటకూర పప్పు పూడ్చేస్తుంది. పాలు ఒక పొంగు వచ్చాక కలుపుతూ మరో రెండు మూడు నిమిషాలు మరగనివ్వండి. పచ్చిపాలు తోడు పెట్టినా ముప్పు పోదు, కాచాకే తోడు వేయండి. గాంధీగారు ఆవు, గేదె పాలను మనసులో ఉంచుకుని పాలు ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు, తీవ్రంగా జబ్బుపడ్డప్పుడు కస్తూర్బా మాట మీద మేకపాలకు ఒప్పుకున్నారు. అది ఆయన వ్రతం తెచ్చిన అవసరం.

ప్రశ్న: డెంగీకి మేకపాలు తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయా? (తాడేపల్లిగూడెం)

జవాబు: పెరుగుతాయనడానికి ఆధారం లేదు. కోలుకునే దశలో ప్లేట్‌లెట్లు చాలామందిలో వాటంతట అవే పెరుగుతాయి, ఆ పేరు పాలకు పోతుంది. నీళ్లు, ఓఆర్‌ఎస్, మజ్జిగ తాగించండి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వద్దు. జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజులే అసలు గండం. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే మేకపాల కోసం ఊళ్లు తిరగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.