సమస్య – సలహా: ఏ నొప్పికి ఆగాలి?

సమస్య: నా వయసు 61. మావారు కేకే-5 బొగ్గు గనిలో కోల్‌ ఫిల్లర్‌గా చేసి రిటైరయ్యారు. మెడికల్‌ కార్డు మీద హైదరాబాద్‌లో నాకు కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్‌ అయింది. మూడు వారాలైంది. వ్యాయామం మొదలుపెడితే ప్రాణం పోయినంత నొప్పి. నేను మూలిగితే చాలు, ఆయన వచ్చి ఆపించేస్తారు. ‘గనిల కప్పు చప్పుడు చేస్తే ఇంకో టబ్బు నింపుదామని నిలవడ్తమా? బయటికి రావాలె’ అంటారు. మోకాలి కింద దిండు పెట్టి పడుకోబెడతారు. చూడ్డానికొచ్చిన క్వార్టర్లవాళ్లు ‘మూడు నెలలు మంచం దిగొద్దు’ అంటున్నారు. కాలు సరిగ్గా మడత పడట్లేదు. ఆయన మనసు నొప్పించకుండా ఏం చేయాలి?
– పేరు వద్దు, మందమర్రి

సలహా: అమ్మా, కప్పు చప్పుళ్లన్నీ ఒకటి కావని మీవారికి నేను చెప్పాలా? ఏది మామూలుదో, ఏది పరిగెత్తాల్సిందో తెలిసినవాడే గనిలో నిలిచేది. మోకాలి నొప్పిలోనూ ఆ తేడా ఉంది. అది ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మడిచినప్పుడు పట్టేసినట్టు, సలిపినట్టు ఉండి కాసేపటికి తగ్గే నొప్పి మామూలుదే. దానికి ఆగకూడదు. లోపల గాయం మానుతూ గట్టిపడేది ఈ వారాల్లోనే. ఇప్పుడు కదలకపోతే కీలు బిగుసుకుపోతుంది. సాధారణంగా ఆరు వారాలకల్లా మోకాలు 90 డిగ్రీలు వంగాలి. బాగా వెనకబడితే మళ్లీ మత్తిచ్చి వంచాల్సి రావచ్చు.

మోకాలి కింద దిండు ఈరోజే తీసేయండి. హాయిగానే ఉంటుంది కానీ కాలు పూర్తిగా తిన్నగా రాదు, నడక కుంటుపడుతుంది. పెట్టాలంటే మడమ కింద పెట్టండి.

డాక్టరు రాసిన నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు వ్యాయామం మొదలుపెట్టండి. మంచం మీద పాదానికి ప్లాస్టిక్‌ కవరు తొడిగితే మడమ సులువుగా జారుతుంది; మెల్లగా వెనక్కి లాక్కోండి. ఒకేసారి కష్టపడకుండా కొంచెం కొంచెంగా రోజుకు నాలుగైదుసార్లు చేయండి. తర్వాత టవల్లో చుట్టిన ఐసు పావుగంట పెట్టండి. మర్నాటికి వాపు పెరిగితే వ్యాయామం తగ్గించండి, మానేయకండి. వాకరుతో ఇంట్లో తిరగండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్‌ కాలు ముందు. కింద కూర్చోవద్దు; కమోడ్‌ కుర్చీ తెప్పించుకోండి.

ఇక పరిగెత్తాల్సిన చప్పుళ్లు: పిక్క వాచి నొప్పెట్టడం, చలిజ్వరం, కుట్ల దగ్గర ఎర్రబడటం, చీము లేదా నీరు కారడం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్‌ చేయాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపొద్దు.

మీవారిని కాపలా మాన్పించకండి, డ్యూటీ మార్చండి. మాత్రల వేళలు, ఐసు, రోజూ సాయంత్రం పిక్క చూడటం ఆయన పని. ఫిజియోథెరపిస్టు వచ్చినప్పుడు ఆయన్ను పక్కనే కూర్చోబెట్టి, కాలు ఎంతవరకు వంచొచ్చో ఆయనకే చూపించమనండి. మీరు చెబితే మొండితనం అనుకుంటారు, వాళ్లు చెబితే వింటారు. మూడు నెలల మంచం సలహా ఇచ్చేవాళ్లకు జవాబు చెప్పే పని కూడా ఆయనకే అప్పగించండి.