కాబూల్ నుంచి లైవ్ ఇవ్వాలంటే

2021 ఆగస్టు 15, ఆదివారం. పొద్దుట్నుంచీ మన టీవీల్లో జెండా పండుగ వార్తలే. సాయంత్రానికల్లా తెర మొత్తం మారిపోయింది. తాలిబన్లు కాబూల్‌లోకి వచ్చేశారు. అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ దేశం విడిచి వెళ్లిపోయారు. మరుసటి రోజు తుపాకులు పట్టిన తాలిబన్ల నడుమ, నల్లటి దుస్తుల్లో తలమీద ముసుగుతో సీఎన్ఎన్ విలేకరి క్లారిసా వార్డ్ వీధిలో నిలబడి వార్తలు చెబుతుంటే ప్రపంచమంతా చూసింది. ఆ దృశ్యం చూసి, ‘చేస్తే ఇలాంటి ఉద్యోగమే చేయాలి’ అనుకున్న విద్యార్థులు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంటారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. ఆ కొద్ది నిమిషాల వెనక ఉన్న దాదాపు ఇరవై ఏళ్లు మాత్రం తెరమీద కనిపించవు.

వార్డ్ ఈ వృత్తిలోకి వచ్చింది ఒక అమెరికన్ ఛానెల్‌లో రాత్రి షిఫ్టు డెస్క్ అసిస్టెంటుగా. అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక ఏజెన్సీల నుంచి వచ్చే ఫుటేజీ చూసుకుంటూ కూర్చునే కొలువు అది. ఆ తర్వాత బీరూట్, బాగ్దాద్, మాస్కో, బీజింగ్. అరబిక్, రష్యన్, ఫ్రెంచ్, ఇటాలియన్ భాషలు ఆమెకు వచ్చు. యుద్ధ విలేకరి అనగానే ధైర్యం గురించే మాట్లాడతారు గానీ, పేరున్న విలేకరుల జీవితాలు చూస్తే అందరిలో మొదట కనిపించేది భాష, ఒక ప్రాంతం మీద పట్టు.

బీబీసీ విలేకరి లీస్ డూసెట్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆమె కెనడా దేశస్థురాలు. 1988 చివర్లో, సోవియట్ సైన్యం మూటాముల్లె సర్దుకుంటున్న రోజుల్లో కాబూల్ చేరారు. 1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ సైనికుడు అఫ్గానిస్థాన్ దాటాడు. అక్కడితో ప్రపంచం ఆ దేశాన్ని దాదాపు మరిచిపోయింది. ఆమె మరవలేదు. ముజాహిదీన్ల అంతర్యుద్ధం, తాలిబన్ల మొదటి పాలన, 2001 అమెరికా దాడి, తాలిబన్లు మళ్లీ రావడం, అన్నింటినీ మూడు దశాబ్దాలకు పైగా వెంటాడారు. ఒక గిరిజన పెద్ద ఎవరికి బంధువో, ఏ మంత్రి ఒకప్పుడు ఏ వర్గంలో ఉన్నాడో తెలిసిన విలేకరి అడిగే ప్రశ్న వేరు. నిన్న విమానం దిగి, ఇవాళ లైవ్ ఇచ్చి, రేపు తిరుగు విమానం ఎక్కే విలేకరి అడిగే ప్రశ్న వేరు. కాబట్టి ఈ వృత్తిలోకి రావాలనుకునేవారు మొదట ఎంచుకోవాల్సింది ఒక దేశాన్ని. యుద్ధం ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. దేశాన్ని మాత్రం ఈ రోజు నుంచే చదవవచ్చు.

విలేకరి హద్దు దాటితే ఏమవుతుందో చెప్పడానికీ కాబూల్ కథే ఉంది. 2001 నవంబరు 13న తాలిబన్లు వదిలిపోయిన నగరంలోకి బీబీసీ సీనియర్ విలేకరి జాన్ సింప్సన్ బృందం నార్తర్న్ అలయన్స్ సేనల కంటే ముందే నడుచుకుంటూ వెళ్లింది. ఆ ఉత్సాహంలో ఆయన, నగరాన్ని విముక్తం చేసింది బీబీసీ వాళ్లేనన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. విమర్శలు వెల్లువెత్తాయి, తర్వాత ఆయనే సిగ్గుపడ్డారు. దశాబ్దాల అనుభవం ఉన్న మనిషికే అలా జరిగింది. చుట్టూ చరిత్ర కదులుతుంటే కెమెరా ముందున్నవాడికి తానే కథానాయకుడినన్న భ్రమ కలగడం చాలా సులువు. కథ ఆ ఊరి జనానిది.

ఆ జనంలోనే విలేకరికి అన్నం పెట్టేవారూ, ప్రాణం కాపాడేవారూ ఉంటారు. టీవీ తెరమీద కనిపించేది ఒక్క ముఖం. వెనకాల కెమెరామన్, ప్రొడ్యూసర్, డ్రైవర్, అందరికంటే ముఖ్యంగా ఫిక్సర్ ఉంటారు. ఏ రోడ్డులో వెళ్లాలి, ఎవరి ఇంట్లో టీ తాగవచ్చు, ఏ చెక్‌పోస్టు దగ్గర ఎలా మాట్లాడాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి, ఇవన్నీ చెప్పే స్థానికుడే ఫిక్సర్. అనువాదమూ చాలాసార్లు అతనిదే. 2007 మార్చిలో హెల్మండ్‌లో ఇటాలియన్ విలేకరి డానియెలే మాస్ట్రోజాకొమోతో పాటు ఆయన ఫిక్సర్ అజ్మల్ నక్ష్‌బందీని, డ్రైవర్‌ను తాలిబన్లు ఎత్తుకెళ్లారు. డ్రైవర్‌ను చంపేశారు. ఖైదీల మార్పిడిలో విదేశీ విలేకరి బయటపడ్డారు. నక్ష్‌బందీని ఏప్రిల్‌లో చంపేశారు. రెండేళ్ల తర్వాత, 2009 సెప్టెంబరులో, న్యూయార్క్ టైమ్స్ విలేకరి స్టీఫెన్ ఫారెల్‌ను విడిపించడానికి బ్రిటిష్ కమాండోలు దిగినప్పుడు ఆయన ప్రాణాలతో బయటపడ్డారు, ఆయన అఫ్గాన్ సహచరుడు సుల్తాన్ మునాదీ ఆ కాల్పుల్లో చనిపోయారు. రెండుసార్లూ ఇంటికి చేరింది విదేశీయుడే. ఈ వృత్తిలోకి వచ్చే ప్రతి ఒక్కరూ ఈ రెండు సంఘటనలను గుర్తుపెట్టుకోవాలి. మనతో వచ్చే స్థానికుడికి బీమా ఉందా, మనకున్న రక్షణ కవచం అతనికీ ఉందా, మనం వెళ్లిపోయాక అతని ఇంటికి ఎవరు వస్తారు, ఈ మూడూ అడగని విలేకరి ఎంత గొప్ప వార్త తెచ్చినా సగం బాధ్యతే నెరవేర్చినట్టు.

షా మరాయ్ కథ తెలిస్తే స్థానికుల విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. 1996లో, తాలిబన్లు కాబూల్‌ను పట్టుకున్న ఏడాది, ఏఎఫ్‌పీ వార్తా సంస్థలో డ్రైవరుగా చేరాడు. విదేశీ ఫొటోగ్రాఫర్లు లేని రోజుల్లో రహస్యంగా ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. చివరికి ఏఎఫ్‌పీ కాబూల్ చీఫ్ ఫొటోగ్రాఫర్ అయ్యాడు. 2018 ఏప్రిల్ 30 ఉదయం నగరంలో బాంబు పేలింది. కాబూల్ విలేకరులంతా పరుగెత్తారు, మరాయ్ కూడా వెళ్లాడు. వాళ్లంతా ఒకచోట చేరాక, విలేకరి వేషంలో వాళ్ల మధ్యకే వచ్చిన రెండో ఆత్మాహుతి బాంబర్ తనను తాను పేల్చుకున్నాడు. మరాయ్ సహా తొమ్మిది మంది విలేకరులు, కెమెరామన్లు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో టోలో న్యూస్, వన్ టీవీ వంటి అఫ్గాన్ ఛానెళ్ల వాళ్లూ ఉన్నారు.

మొదటి పేలుడు దగ్గరకు పరుగెత్తకు. ఇది అనుభవజ్ఞులు చెప్పే మొదటి పాఠం. మన దగ్గర క్రైమ్ రిపోర్టర్‌కు ‘ముందు చేరినవాడిదే వార్త’ అని నూరిపోస్తారు. యుద్ధ ప్రాంతంలో ఆ అలవాటే ప్రాణం తీస్తుంది.

ఇలాంటి పాఠాలు నేర్పడానికే హెఫాట్ అనే శిక్షణ ఉంది. ప్రమాదకర ప్రాంతాల్లో మసలుకోవడం, ప్రథమ చికిత్స, ఈ రెండూ కలిపి కొన్ని రోజులపాటు నేర్పుతారు. మందుపాతర ఉన్న నేలమీద ఎలా నడవాలి, చెక్‌పోస్టులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఎత్తుకెళ్తే మొదటి గంటలో ఎలా ప్రవర్తించాలి, తెగిన రక్తనాళానికి టూర్నికే పట్టీ ఎలా బిగించాలి, అన్నీ చేయించి చూపిస్తారు. పెద్ద అంతర్జాతీయ వార్తా సంస్థలు ఈ శిక్షణ లేనివాళ్లను యుద్ధ ప్రాంతానికి పంపవు. టూర్నికే మాట ఊరికే ఎత్తింది కాదు. టిమ్ హెథరింగ్టన్, సెబాస్టియన్ జుంగర్ ఇద్దరూ కలిసి అఫ్గానిస్థాన్‌లోని కోరంగల్ లోయలో అమెరికన్ సైనికుల మధ్య నెలల తరబడి ఉండి ‘రెస్ట్రెపో’ అనే డాక్యుమెంటరీ తీశారు. అది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. 2011 ఏప్రిల్ 20న లిబియాలోని మిస్రాతాలో మోర్టార్ దాడిలో హెథరింగ్టన్ గాయపడి, ఆసుపత్రికి చేరేలోపే రక్తమంతా పోయి చనిపోయాడు. సరైన ప్రథమ చికిత్స అంది ఉంటే బతికే అవకాశం ఉండేదని తెలిశాక జుంగర్, ఫ్రీలాన్సర్లకు ఉచితంగా అది నేర్పే రిస్క్ అనే సంస్థను పెట్టాడు.

సైన్యంతో కలిసి వెళ్లడాన్ని ఎంబెడ్ అంటారు. వాహనం, భోజనం, రక్షణ వాళ్లే చూసుకుంటారు. దానికి తగ్గ వెల కూడా ఉంటుంది. చూసేది ఒక పక్షమే, ఎదుటి పక్షానికి లక్ష్యం అయ్యేది మాత్రం విలేకరి కూడా. ఇది తెలుసుకోవడానికి కాబూల్ దాకా వెళ్లక్కర్లేదు. మన భద్రాచలం అవతల ఛత్తీస్‌గఢ్ అడవుల్లోనే 2018 అక్టోబరు 30న, ఎన్నికల వార్తలకు పోలీసులతో కలిసి వెళ్తున్న దూరదర్శన్ బృందంపై మావోయిస్టులు కాల్పులు జరిపారు. కెమెరామన్ అచ్యుతానంద్ సాహు చనిపోయారు. 1977 నాటి జెనీవా అదనపు ప్రొటోకాల్ 79వ అధికరణం విలేకరులను పౌరులుగానే చూడాలంటుంది. తుపాకీ పట్టినవాడు దాన్ని చదివి ఉంటాడని నమ్మి బయల్దేరకూడదు.

ఇక బులెట్‌ప్రూఫ్ జాకెట్ అవసరమే లేని యుద్ధ వార్తల పని ఒకటి ఉంది, ఇప్పుడు ఉద్యోగాలు పెరుగుతున్నదీ అక్కడే. 2021 సెప్టెంబరులో పంజ్‌షీర్ లోయలో పోరు నడుస్తున్నప్పుడు కొన్ని భారతీయ టీవీ ఛానెళ్లు పాకిస్థాన్ వైమానిక దాడి అంటూ ఒక వీడియోను చూపించాయి. అది ‘ఆర్మా 3’ అనే కంప్యూటర్ గేమ్‌లోని దృశ్యం. ఆ ఆట ఆడే ఇంటర్ కుర్రవాడు గుర్తుపట్టగలిగిన దాన్ని న్యూస్‌రూమ్ గుర్తుపట్టలేకపోయింది. ఆ మరుసటి ఏడాది ఉక్రెయిన్ బంకర్ల నుంచి తెలుగు వైద్య విద్యార్థులు ఫోన్లలో పంపిన వీడియోలు హైదరాబాద్ డెస్కులకు వచ్చిపడ్డాయి. ఏది నిజం, ఏది పాతది, ఏది వేరే ఊరిది? కొండల వరుస, నీడ పడే దిక్కు, దుకాణం బోర్డు మీది లిపి చూసి, ఉపగ్రహ చిత్రంతో పోల్చి తేల్చేవాళ్లు కావాలి. బీబీసీ 2023లో దీనికోసమే ‘బీబీసీ వెరిఫై’ అనే విభాగం పెట్టింది. సైన్సు చదివి జర్నలిజం వైపు చూస్తున్నవారికి ఇంతకంటే అనువైన ద్వారం లేదు.

చదువు సంగతికి వస్తే, ‘యుద్ధ విలేకరి’ అనే కోర్సు కోసం వెతకడం వృథా. ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు. చరిత్ర, రాజనీతి శాస్త్రం చదివితే మరీ మంచిది. ఆ పైన జర్నలిజం పీజీ. ఢిల్లీలో ఐఐఎంసీ, జామియా మిలియాలోని ఏజేకే మాస్ కమ్యూనికేషన్ సెంటర్, చెన్నైలో ఏసీజే, హైదరాబాద్‌లో ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ అందరికీ తెలిసినవే. హైదరాబాద్ విద్యార్థికి మరో వరం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. గచ్చిబౌలిలోని ఉర్దూ విశ్వవిద్యాలయంలో పర్షియన్, అరబిక్ నేర్పుతారు. ఇఫ్లూలో అరబిక్, రష్యన్ ఉన్నాయి. అఫ్గానిస్థాన్‌లో మాట్లాడే దరీ, పర్షియన్‌కు సోదర రూపమే. పాకిస్థాన్‌లో ఏళ్ల తరబడి శరణార్థులుగా బతికినవారికి, హిందీ సినిమాలు చూసి పెరిగినవారికి కాబూల్‌లో కొదవ లేదు కాబట్టి పాతబస్తీ ఉర్దూ అక్కడ చాలా దూరమే నడిపిస్తుంది. లండన్ విలేకరికి అనువాదకుడు కావాల్సిన చోట మన పిల్లలు నేరుగా మాట్లాడగలరు.

తెలుగు ఛానెళ్లు విదేశీ యుద్ధాలకు మనుషులను పంపడం అరుదు. అందుకే దారి ఎక్కువగా రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ, పీటీఐ, ఏఎన్‌ఐ వంటి ఏజెన్సీల మీదుగా సాగుతుంది. జామియాలో చదివిన డానిష్ సిద్దీఖీ టీవీ విలేకరిగానే మొదలయ్యారు. ఆ ఉద్యోగం వదిలి 2010లో రాయిటర్స్‌లో ఇంటర్న్‌గా ఫొటోగ్రఫీలో చేరారు. రోహింగ్యా శరణార్థుల చిత్రాలకు 2018లో పులిట్జర్ పొందిన రాయిటర్స్ బృందంలో ఆయన ఉన్నారు. 2021 జులై 16న కాందహార్ ప్రాంతంలోని స్పిన్ బోల్డక్‌లో, అఫ్గాన్ ప్రత్యేక దళాలతో ఉండగా చనిపోయారు. మరుసటి ఏడాది మరణానంతరం రెండోసారి పులిట్జర్ వచ్చింది. ఆయన చిత్రాలను చూసి స్ఫూర్తి పొందినవారు, ఆయన మరణం మీద వచ్చిన పరిశోధనా కథనాలను కూడా చదవాలి. రెండూ చదివితేనే నిర్ణయం తీసుకోగలరు.

ఇంటికి తిరిగొచ్చాక కూడా ఈ ఉద్యోగం వదలదు. టొరంటో మానసిక వైద్యుడు ఆంథొనీ ఫైన్‌స్టీన్ 2002లో 140 మంది యుద్ధ విలేకరులను పరిశీలించి, వారిలో దాదాపు 29 శాతం మంది జీవితంలో ఏదో ఒక దశలో పీటీఎస్‌డీ అనే మానసిక గాయానికి లోనయ్యారని తేల్చారు. బీబీసీ ఆఫ్రికా ఎడిటర్ ఫెర్గల్ కీన్ 2020లో అదే కారణం బయటికి చెప్పి ఆ పదవి నుంచి తప్పుకున్నారు. నిద్ర పట్టడం లేదని ఎడిటర్‌కు చెప్పడం బలహీనత కాదు. అది చెప్పగలిగే సంస్థలోనే చేరాలి.

డబ్బు గురించి క్లుప్తంగా: ఫ్రీలాన్సర్‌కు కథనాన్ని బట్టో రోజును బట్టో చెల్లిస్తారు, బీమా చాలాసార్లు సొంత ఖర్చే. రోరీ పెక్ ట్రస్ట్, రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ లాంటి సంస్థలు ఫ్రీలాన్సర్లకు సాయం చేస్తాయి. బయల్దేరే ముందే వాటి నిబంధనలు చూసుకోవాలి. సామగ్రి కొనేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దగ్గర ఉంచుకోవడం మన దేశంలో నేరం.

ఈ వృత్తి మీద నిజంగా మనసున్న విద్యార్థి కాబూల్ టికెట్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఈ వేసవి సెలవుల్లో రెడ్‌క్రాస్ లేదా సెయింట్ జాన్ అంబులెన్స్ వారి ప్రథమ చికిత్స శిక్షణకు పేరు ఇవ్వండి. అదే వారం ఉర్దూ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టండి.