విత్తనం బతికే ఉందా?

జీవం అంటే ఏమిటని అడిగితే మన పాఠ్యపుస్తకం తడుముకోకుండా జవాబు చెబుతుంది: ఆహారం తీసుకోవడం, శ్వాసించడం, పెరగడం, సంతానాన్ని కనడం. అయిదు మార్కులకి అది చాలు. కాని కంచరగాడిదకు సాధారణంగా పిల్లలు పుట్టవు. అంతమాత్రాన దాన్ని నిర్జీవి అందామా? మంట మాత్రం గాలి పీల్చుకుంటుంది, పెరుగుతుంది, ఒక గడ్డివామి నుంచి ఇంకోదానికి పాకుతుంది. దానికి ప్రాణం లేదు.

మరి సంచిలో ఉన్న విత్తనం? తినదు, పెరగదు, కదలదు. మృత సముద్రం దగ్గరి మసాడా కోట తవ్వకాల్లో దొరికిన, దాదాపు 2,000 ఏళ్లనాటి ఖర్జూరపు గింజ 2005లో నాటితే మొలిచింది! మా ఇంట్లో వంద వేరుశనగ గింజలు లెక్కపెట్టి, తడిగోనెలో చుట్టి, నాలుగైదు రోజులకి విప్పి చూస్తేగాని మా నాన్న విత్తడు. ఒక ఏడు అదును దాటిపోతుందన్న తొందరలో సంచి మీద అచ్చేసిన మాట నమ్మి, ఆ పని చెయ్యలేదు. చేలో సగానికి సగం మొలవలేదు.

చచ్చిన గింజా బతికిన గింజా అరచేతిలో ఒక్కలాగే ఉంటాయి. రెండింటిలోనూ అదే నూనె, అవే మాంసకృత్తులు. తేడా ఎక్కడంటే, నీళ్లు తగలగానే బతికిన గింజ మొలక వెయ్యడానికి ముందే, నిలవలో దెబ్బతిన్న కణపొరలను, డి.ఎన్.ఏ.ను బాగుచేసుకోవడం మొదలుపెడుతుంది. చచ్చినదానికి ఆ శక్తి పోయింది. అది నాని కుళ్లిపోతుంది. తన్ను తాను తయారుచేసుకుంటూ, మరమ్మతు చేసుకుంటూ ఉండేదే జీవి అని నాకు తోస్తుంది.

ఇప్పుడు కృత్రిమ జీవం సంగతి. 1990 ప్రాంతంలో టామ్ రే అనే శాస్త్రజ్ఞుడు టియెర్రా అనే కంప్యూటర్ ప్రోగ్రాం రాశాడు. 80 ఆదేశాలున్న ఒక "జీవి"ని అందులో వదిలితే అది పిల్లల్ని పెట్టింది. ఎవరూ రాయకుండానే 45 ఆదేశాల పరాన్నజీవులు కూడా పుట్టుకొచ్చాయి. పరిణామం ఉన్నట్టే కదా! కాని తాము నడిచే యంత్రం కాలిపోతే దాన్ని బాగుచేసుకోవడం వాటి వల్ల కాదు.

2010లో క్రెయిగ్ వెంటర్ బృందం ఒక మైకోప్లాస్మా బాక్టీరియా జన్యుపటాన్ని, సుమారు 10 లక్షల 80 వేల అక్షరాలది, రసాయనాలతో ముక్కలుగా తయారుచేసింది. ఆ ముక్కల్ని అతకడానికి ఈస్టు కణాల మరమ్మతు శక్తినే వాడుకున్నారు. తర్వాత ఇంకో జాతి బాక్టీరియా కణంలో పెట్టారు. ఇది అంటుకట్టడం లాంటిదే: కొమ్మ కొత్తది, వేరు పాతది. తరాలు గడిచేసరికి పాత సరుకంతా కొత్త జన్యువుల ప్రకారం మారిపోయిన మాట నిజమే గాని, మొదలుపెట్టింది మాత్రం బతికున్న కణమే.

2016లో అదే బృందం 473 జన్యువులతో ఇంకా చిన్న కణాన్ని తయారుచేసింది. అందులో 149 జన్యువులు ఏం పని చేస్తాయో అప్పటికి తయారుచేసినవాళ్లకే తెలియదు. వాటిలో ఏ ఒక్క ముఖ్యమైనదాన్ని తీసేసినా కణం బతకడం లేదు.