ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంచాలి?

ప్రశ్న: నాది పెట్రోలు స్విఫ్ట్. హైదరాబాద్ వైపు గ్రౌండులో కోన్ల మధ్య, గడియారంతో పోటీగా జరిగే ఆటోక్రాస్‌లో మొదటిసారి దిగుతున్నాను. ఇక్కడి నుంచి ఆ బండి మీదే వెళ్తాను. రిజర్వు పడేదాకా ట్యాంకు ఖాళీ చేసి దిగితే బండి తేలికై టైము బాగా వస్తుందని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, తిరువూరు

జవాబు: సగం నిజం. ఇటీవలి స్విఫ్ట్ ట్యాంకు 37 లీటర్లు పడుతుంది. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలోకు కాస్త అటూఇటూ తూగుతుంది కాబట్టి ట్యాంకు నిండా ఉంటే దాదాపు 28 కిలోలు, పావు ట్యాంకుంటే 7 కిలోలు. తేడా 21 కిలోలు. బండీ మీరూ కలిసి 950 కిలోలనుకుంటే ఇది రెండు శాతం పైమాటే. ఆగిన బండి పరుగందుకునేటప్పుడు బరువు రెండు శాతం తగ్గితే, అదే దూరానికి పట్టే సమయం ఒక శాతం తగ్గుతుంది. అంటే 50 సెకన్ల పరుగులో మహా అయితే అర సెకను. దారంతా మలుపులే కనుక నిజంగా దక్కేది ఇంకా తక్కువ. అయినా తీసిపారేయకండి. ఈ పోటీల్లో ఒక స్థానానికీ మరో స్థానానికీ మధ్య తేడా చాలాసార్లు సెకనులో పదో వంతుల్లోనే ఉంటుంది.

కాబట్టి ఫుల్ ట్యాంకుతో దిగొద్దు. కానీ పావు నుంచి రిజర్వుకు దించితే మీకు మిగిలేది మూడు నాలుగు కిలోలే. డిక్కీలోని స్టెప్నీ ఒక్కటే అంతకు రెండు మూడు రెట్లు తూగుతుంది. నిర్వాహకులు ఒప్పుకుంటే దాన్నీ, జాకీనీ దించేయండి. ఆ నాలుగు కిలోల కోసం పెట్రోలు తగ్గిస్తే అసలు చిక్కు వస్తుంది. బండిని గట్టిగా తిప్పినప్పుడు ట్యాంకులో పెట్రోలంతా మలుపుకు బయటి వైపు గోడకు ఎగబాకుతుంది. ట్యాంకులోని పంపు మూతి ఉన్నచోట పెట్రోలు లేకపోతే అది గాలి లాగుతుంది, ఇంజను మిస్సింగ్ కొడుతుంది. ఈ రోజుల్లో బండ్లలో పంపు చుట్టూ కాస్త పెట్రోలు నిలిపే చిన్న బకెట్టు ఉంటుంది కానీ, అది రోడ్డు మీద తిరిగే బండిని దృష్టిలో పెట్టుకుని చేసినది. కోన్ల మధ్య ఆగకుండా సాగే పొడవాటి వంపుకు చాలకపోవచ్చు. ఇంజను ఒక వైపు మలుపుల్లోనే దగ్గి, రెండో వైపు బాగానే లాగుతుంటే ప్లగ్గులు విప్పే ముందు ట్యాంకులో ఎంతుందో చూడండి. పైగా ఆ పంపుకు చల్లదనం ఇచ్చేది కూడా చుట్టూ ఉన్న పెట్రోలే.

పావు ట్యాంకు, లేదంటే దానికి కొంచెం పైన ఉంచుకోండి. దారిలో పోయించుకునేటప్పుడే గ్రౌండుకు చేరేసరికి అంత మిగిలేలా లెక్క చూసుకోండి. తిరుగు ప్రయాణానికి పోటీ అయ్యాక బంకుకు వెళ్లొచ్చు. ఎక్కువైందని అక్కడ పైపు పెట్టి తోడటం, సీసాల్లో దాచడం మాత్రం వద్దే వద్దు.

ప్రశ్న: నిండు ట్యాంకుతో వెనక బరువుంటే బండి నేలను పట్టుకుని మలుపులో బాగా తిరుగుతుందని మా మెకానిక్ అంటాడు. మరి ఫార్ములా కార్లవాళ్లు పెట్రోలు బరువంటే ఎందుకంత భయపడతారు?
– మరో పాఠకుడు, తిరువూరు

జవాబు: మీ మెకానిక్ గాలికి అన్న మాట కాదది. మన చిన్న కార్లలో ఇంజనూ గేరుబాక్సూ ముందే ఉంటాయి, లాగేవీ ముందు చక్రాలే. గట్టిగా తిప్పితే ముక్కు బయటికి జారుతుంది. ట్యాంకు సాధారణంగా వెనక సీటు కింద, ఇరుసుకు కాస్త ముందు, కిందికి ఉంటుంది. అది నిండితే బరువు రవ్వంత వెనక్కి జరుగుతుంది, ఒరుగుడూ పెద్దగా పెరగదు. కానీ టైరు మీద బరువు పెరిగినంతగా దాని పట్టు పెరగదు. వెనక్కి జరిగిన బరువుతో వచ్చే మేలు ఆ మొత్తం బరువుతోనే పోతుంది. ముక్కు జారుడు తగ్గాలంటే టైర్లలో గాలి ఒకటి రెండు పౌండ్లు మార్చి చూడండి, అంతకంటే ఎక్కువ తేడా తెలుస్తుంది.

ఫార్ములా వన్ సంగతి వేరు. 2010 నుంచి పోటీ మధ్యలో ఇంధనం నింపడం నిషేధం. అందుకే పోటీ మొత్తానికి సరిపడే ఇంధనం మోసుకుని బయల్దేరతారు. ప్రతి 10 కిలోలకూ ల్యాప్‌కు సుమారు 0.3 సెకను పోతుందని లెక్క. ఆటోక్రాస్ పరుగు ఒకదానికి లీటరైనా కాలదు, కాబట్టి ఉదయం ఉన్న బండే సాయంత్రమూ ఉంటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన విద్యుత్ ‘ఫార్ములా-ఈ’ కార్లకైతే బరువు మారే బాధే లేదు. ఛార్జి అయిపోయినా బ్యాటరీ బరువు తగ్గదు కదా.

ప్రశ్న: సీఎన్‌జీ బండితో ఆటోక్రాస్‌కు వెళ్లొచ్చా? గ్యాసు తేలికే కదా!
– ఒక పాఠకుడు, నూజివీడు

జవాబు: గ్యాసు తేలికే, సిలిండరు కాదు. నింపితే పట్టే గ్యాసు 8, 9 కిలోలు. దాన్ని మోసే ఉక్కు సిలిండరు, బిగింపులు కలిపి బండికి సుమారు 90 కిలోలు పెరుగుతాయి. అదీ వెనక ఇరుసు మీదా, దానికి అవతలా. గ్యాసు ఖాళీ అయినా ఆ బరువు పోదు. మీ కుటుంబానికి అది మంచి బండి. పోటీకి మిత్రుడి పెట్రోలు బండి అడగండి.

ప్రశ్న: కొండపల్లి నుంచి మా ఊరి మీదుగా వెళ్లే ఆయిల్ ట్యాంకర్లు సగం ఖాళీగా ఉంటే తిరగబడే ప్రమాదం తక్కువే కదా?
– ఒక పాఠకుడు, ఎ.కొండూరు

జవాబు: సగం ట్యాంకరే ఎక్కువ భయం. నిండుకుండ తొణకదు. అందుకే ఆయిల్ ట్యాంకర్‌ను లోపల గదులుగా విడగొట్టి అడ్డుపలకలు పెడతారు. శుభ్రం చేయడం కష్టమని పాల ట్యాంకర్లలో చాలావాటికి ఆ పలకలుండవు. మలుపులో వాటికి మరింత ఎడమివ్వండి.

ప్రశ్న: మా అబ్బాయి పోటీకి ప్రాక్టీసంటూ తెల్లవారుజామున హైవే మీదికి బండి తీస్తున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి, తిరువూరు

జవాబు: తాళాలు తీసుకోండి, తర్వాత చెప్పండి. ఆ వేళకు 30వ నంబరు జాతీయ రహదారి మీద లారీలూ, పాల బండ్లూ, పొలానికి వెళ్లేవాళ్లూ ఉంటారు. ఖాళీ గ్రౌండులో యజమాని అనుమతితో నాలుగు కోన్లు పెట్టుకుంటే నేర్చుకోవాల్సినదంతా 50 కిలోమీటర్ల వేగం లోపే నేర్చుకోవచ్చు. ఆటోక్రాస్ కూడా మోటారు క్రీడల జాతీయ సమాఖ్య ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. గుర్తింపు ఉన్నదే చూసుకోమనండి, దానికి ఆ సమాఖ్య ఇచ్చే పోటీ లైసెన్సు కావాలి. ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు కట్టినా, వేగం పరీక్షించుకున్నా మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. మళ్లీ దొరికితే జైలు ఏడాది దాకా, జరిమానా 10,000 దాకా.