జీతం ఏ పద్దులోంచి?

కాణిపాకం దేవస్థానం ఉద్యోగి, ఆ చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూలు టీచరు, ఐరాల మండల ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసే కంప్యూటర్ ఆపరేటరు: ఊళ్లో ముగ్గురిదీ గవర్నమెంటు ఉద్యోగమే. పెళ్లి సంబంధాలు మాట్లాడేవాళ్లు కూడా అంతకుమించి లోతుకు వెళ్లరు. కానీ ముగ్గురి జీతం ఒక చోటి నుంచి రాదు. టీచరు జీతం ఖజానాలోని 010 పద్దు నుంచి వస్తుంది. దేవస్థానం ఉద్యోగి జీతం ఆలయ ఆదాయం మీద ఆధారపడుతుంది. ఆపరేటరుకు ప్రభుత్వం నేరుగా ఇవ్వదు, మధ్యలో ఒక సంస్థ ఉంటుంది. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సెస్సీ పుస్తకాలు ముందేసుకున్నవాళ్లు నోటిఫికేషన్‌లో స్కేలు చూస్తారు, ఖాళీలు చూస్తారు, పద్దు చూడరు. సర్కారు కొలువు జీతానికి హామీ ఇస్తుంది కానీ ఒకటో తారీఖుకు ఇవ్వదు. ఆలస్యమైనప్పుడు బకాయి అడిగే హక్కు ఎవరికి ఉందో తేల్చేది ఆ పద్దే.

ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది అమెరికాలో. అక్కడ కాంగ్రెస్ నిధుల బిల్లు పాస్ చేయకపోతే, 1884 నాటి చట్టం ప్రకారం శాఖలు పైసా ఖర్చు పెట్టడానికి లేదు. దాన్నే షట్‌డౌన్ అంటారు. 2018 డిసెంబరులో మొదలైన షట్‌డౌన్ 35 రోజులు సాగింది. 2025 అక్టోబరు 1న మొదలైనది నవంబరు 12 దాకా, 43 రోజులు నడిచి ఆ రికార్డునూ దాటింది. లక్షల మంది ఉద్యోగుల్లో కొందరిని ఇంటికి పంపారు, అత్యవసర విధుల్లో ఉన్నవాళ్ల చేత జీతం లేకుండానే పనిచేయించారు. 2019లో వచ్చిన చట్టం వల్ల ఫెడరల్ ఉద్యోగికి ఆ బకాయి తర్వాత వస్తుంది. అదే భవనంలో ఊడ్చే కాంట్రాక్టు మనిషికి, గేటు దగ్గరి కాంట్రాక్టు గార్డుకు ఆ చట్టం వర్తించదు. వాళ్ల కూలి పోయినట్టే.

మన రాజ్యాంగంలో షట్‌డౌన్ లేదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, అసెంబ్లీలో బడ్జెట్ ఓడిపోతే ఇక్కడ ప్రభుత్వమే పోతుంది. అయితే శాసనసభ అనుమతి లేకుండా సంచిత నిధి నుంచి డబ్బు తీయకూడదన్న నియమం మనకూ ఉంది. 2020లో ఆంధ్రప్రదేశ్ దాని వేడి చవిచూసింది. కరోనా వల్ల ఆ మార్చిలో ఓటాన్ అకౌంట్‌ను ఆర్డినెన్సుతో గట్టెక్కించారు, దాని గడువు జూన్ 30. జూన్‌లో రెండు రోజుల సమావేశాల్లో అసెంబ్లీ బడ్జెట్‌ను ఆమోదించింది. మూడు రాజధానుల బిల్లుల గొడవలో శాసనమండలి మాత్రం ద్రవ్య వినిమయ బిల్లును చేపట్టకుండానే 17న నిరవధికంగా వాయిదా పడింది. ద్రవ్య బిల్లును ఆపే అధికారం మండలికి లేదు, కానీ 14 రోజులు గడిస్తే గానీ ఆమోదం పొందినట్టు లెక్కలోకి రాదు. దాంతో జూలై ఒకటిన పడాల్సిన జీతాలు, పింఛన్లు ఆగి, ఆ లాంఛనం ముగిశాకే కదిలాయి. తప్పు మీదంటే మీదని పార్టీలు తిట్టుకున్నాయి. ఈఎంఐ తేదీకి ఆ సంగతి పట్టదు.

కరోనా ఏడాదిని ఉదాహరణగా తీసుకోవడం న్యాయం కాదన్నది ఇంకో అభ్యంతరం. ఆ ఏడాదే ఇంకో సంగతి కూడా తేలింది కాబట్టి దాన్ని వదలలేం. మార్చి, ఏప్రిల్ జీతాలు, పింఛన్లలో కొంత భాగాన్ని రాష్ట్రం వాయిదా వేసింది. ఎక్కువ మంది ఉద్యోగులకు అది సగం. ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి కోర్టుకెక్కారు. ఆపిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో ఇవ్వాలని హైకోర్టు చెప్పింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ, చేసిన పనికి జీతం హక్కేనన్న మాటను నిలబెట్టింది. ఖజానా జీతం ఆలస్యమైతే వడ్డీతో సహా అడగవచ్చు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి ఎవరిని అడగాలి? శాఖ ఏజెన్సీని చూపిస్తుంది, ఏజెన్సీ రాని బిల్లును చూపిస్తుంది. 010 పద్దు కోసం ఉద్యోగ సంఘాలు ఏళ్ల తరబడి ధర్నాలు చేసింది ఊరికే కాదు.

జీతంలాగే, ఉద్యోగంలో చేరేవారి పూర్వాపరాలు ఆరా తీసే వెరిఫికేషన్‌కూ తేదీ హామీ లేదు. అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్ విచారణలు చేసే సంస్థ ఇతర శాఖల నుంచి రుసుము తీసుకుని నడుస్తుంది కనుక షట్‌డౌన్ రోజునే మూతపడదు. ఉద్యోగం ఇవ్వాల్సిన శాఖ మూతపడితే మాత్రం పూర్తయిన ఫైలైనా బల్ల మీదే ఉంటుంది. క్లియరెన్స్ అక్కడి పౌరులకే కాబట్టి హెచ్1బీ ఆశావహులకు అది దూరపు సంగతి. వాళ్లకు తగిలిన దెబ్బ వేరు: 2025 అక్టోబరులో హెచ్1బీ పిటిషన్‌కు ముందు కావాల్సిన ఎల్‌సీఏ (లేబర్ కండిషన్ అప్లికేషన్) దరఖాస్తులను కార్మిక శాఖ తీసుకోవడం ఆపేసింది, నెలాఖరుకు గానీ తెరవలేదు. వీసా పిటిషన్లు చూసే శాఖ ఫీజుల మీద నడుస్తుంది కాబట్టి తెరిచే ఉంది, కానీ చేతిలో ఎల్‌సీఏ లేనివాడు అక్కడికి వెళ్లి ఏం చేస్తాడు?

మన దగ్గర శ్రీహరికోటలోని ఇస్రో కేంద్రం షార్‌లో కొలువైనా, కానిస్టేబుల్ పోస్టయినా అటెస్టేషన్ ఫారం నింపాలి, పోలీసు విచారణ జరగాలి. ఆలస్యం మీ చేతిలో లేదు, ఫారంలో రాసేది మీ చేతిలోనే ఉంది. కేసుందని రాస్తే ఉద్యోగం పోతుందన్న భయంతో దాచేవాళ్లున్నారు. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, చిన్న కేసు దాచినా పరిస్థితిని బట్టి అధికారి మన్నించవచ్చంది. నిజం రాసినా పూర్వాపరాలు చూసే అధికారం అతనికి ఉంటుందనీ చెప్పింది. అలాగని దాచడం లాభమేమీ కాదు. కేసును బట్టి తేలాల్సిన విషయానికి అబద్ధమనే రెండో నేరం తోడవుతుంది. సత్యప్రమాణాల దేవుడున్న కాణిపాకం వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. అప్పుల సంగతీ అంతే. అమెరికా క్లియరెన్స్ ప్రమాణాల్లో తీర్చని అప్పు ఒక లోపం. జీతం ఆగడం లాంటి చేతిలో లేని కారణం ఉంటే, అప్పిచ్చినవాడికి ముందే చెప్పి ఏర్పాటు చేసుకుంటే దాన్ని మన్నించే వీలుంది.

ప్రైవేటులో రాత్రికి రాత్రి ఉద్యోగమే ఊడుతుంది, దీనికన్నా అదే ఘోరం అంటారా, ఒప్పుకోవాల్సిందే. కాబట్టి సర్కారు కొలువు వద్దనడం లేదు. నియామక పత్రం వచ్చాక పోస్టు రెగ్యులరా, కాంట్రాక్టా, ఔట్‌సోర్సింగా, జీతం ఏ పద్దు నుంచి అని రాతపూర్వకంగా అడగండి. వెరిఫికేషన్ పూర్తయ్యేదాకా ఉన్న పనికి రాజీనామా ఇవ్వకండి. తాత్కాలిక నియామకమైతే అది వెరిఫికేషన్ ఫలితానికి లోబడి ఉంటుందన్న వాక్యం చదివే సంతకం పెట్టండి. మొదటి జీతం చేతికందడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. బైకు లోను ఆ తర్వాత తీసుకోవచ్చు.