శిబిరాల విముక్తి - మనం ఎలా గుర్తుంచుకోవాలి?



ధ్యానం గురించి మాట్లాడుకునేటప్పుడు మనం తరచుగా వాడే పాళీ మాట 'సతి'. తెలుగులో ఎరుక అంటాం. ఈ మాటకు సంస్కృత రూపం 'స్మృతి'. అంటే గుర్తుంచుకోవడం కూడా ఇందులోనే ఉంది. ఊపిరిని ఉన్నది ఉన్నట్టు గమనించడం ఒక సాధన అయితే, జరిగినదాన్ని జరిగినట్టే గుర్తుంచుకోవడం కూడా సాధనే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో నాజీల నిర్బంధ శిబిరాలు ఎలా విడుదలయ్యాయో, లోకం ఆ సంగతిని ఎలా గుర్తుంచుకుందో ఈ పాఠంలో చూద్దాం.

ముందు జరిగింది తెలుసుకుందాం

హిట్లర్ అధికారంలోకి వచ్చిన కొద్ది వారాలకే, 1933 మార్చిలో, జర్మనీలోని డాహౌలో శిబిరం తెరిచారు. మొదట రాజకీయ ప్రత్యర్థులను అందులో పెట్టారు. తర్వాత యూదులు, రోమా ప్రజలు, యెహోవా సాక్షులు, స్వలింగ సంపర్కులు - ఇలా జాబితా పెరుగుతూ పోయింది. యుద్ధకాలంలో, ఆక్రమించుకున్న పోలండ్‌లో, మనుషుల్ని చంపడానికే కొన్ని శిబిరాలు కట్టారు. మొత్తం మీద నాజీలు, వాళ్లకు తోడైనవాళ్లు కలిసి దాదాపు 60 లక్షల మంది యూదులను చంపేశారు.

విడుదల ఒక్కరోజులో జరిగింది కాదు. 1944 జులైలో సోవియట్ సైన్యం పోలండ్‌లోని మైదానెక్ శిబిరానికి చేరింది. 1945 జనవరి 27న ఆష్‌విట్జ్‌కు చేరింది. ఏప్రిల్ 11న అమెరికన్లు బూకెన్‌వాల్డ్‌కు, 15న బ్రిటిష్‌వాళ్లు బెర్గెన్-బెల్సెన్‌కు, 29న అమెరికన్లు డాహౌకు వచ్చారు. ఈ సైన్యాలు చాలావరకు శిబిరాల కోసమని బయలుదేరినవి కావు. యుద్ధం సాగుతున్న దారిలో అవి ఎదురయ్యాయి.

గేటు తెరుచుకుంటే విముక్తి వచ్చినట్టేనా?

ఆష్‌విట్జ్‌లో సైనికులకు ప్రాణాలతో కనిపించినవాళ్లు సుమారు 7,000 మంది. మిగతావాళ్లు ఏమయ్యారు? అంతకు పది రోజుల ముందు నుంచే దాదాపు 60,000 మందిని గడ్డకట్టే చలిలో పడమటి వైపు నడిపించుకుపోయారు. నడవలేక పడిపోయినవాళ్లను అక్కడికక్కడే కాల్చేశారు. అంటే మనం ఏటా గుర్తుచేసుకునే జనవరి 27 నాటికి, ఆ శిబిరంలోని ఎక్కువమందికి విడుదల ఇంకా రాలేదు.

బెల్సెన్ సంగతి చూడండి. అక్కడ దాదాపు 60,000 మంది బతికి ఉన్నారు. వాళ్ల మధ్యే పూడ్చని శవాలు వేలల్లో ఉన్నాయి. టైఫస్ జ్వరం పాకుతోంది. విడుదలైన తర్వాత కూడా అక్కడ 13,000 మందికి పైగా చనిపోయారు. సైనికులు జాలితో తమ దగ్గరున్న మాంసం డబ్బాలు పంచారు. నెలల తరబడి ఎండిపోయిన కడుపులు ఆ తిండిని తట్టుకోలేదు, కొందరికి అదే ప్రాణం మీదికి తెచ్చింది. తర్వాత 1943 బెంగాల్ కరువులో వాడిన తియ్యటి పోషక మిశ్రమాన్ని కూడా ఇచ్చి చూశారు. ఆ తీపి చాలామందికి గొంతు దిగలేదు. కరుణకు ప్రజ్ఞ తోడుండాలని ధమ్మంలో ఎందుకంటారో ఇక్కడ తెలుస్తుంది. మనసు మంచిదైతే చాలదు, ఎదుటివాడి ఒంటికి ఏది పడుతుందో తెలియాలి.

బతికి బయటపడినవాళ్లందరికీ ఇల్లు దొరకలేదు. పోలండ్‌లోని కియెల్త్సె పట్టణంలో 1946 జులై 4న అల్లరిమూక దాడి చేసి 42 మంది యూదులను చంపింది. అప్పటికి యుద్ధం ముగిసి ఏడాది దాటింది. స్వలింగ సంపర్కులను శిక్షించే చట్టాన్ని నాజీలు మరింత కఠినం చేశారు. పశ్చిమ జర్మనీలో ఆ కఠిన రూపమే 1969 దాకా అమల్లో ఉంది.

ఎవరిని మర్చిపోయారు?

రోమా ప్రజల పూర్వీకులు మన దేశం నుంచి వెళ్లినవాళ్లు. వాళ్ల భాషలో అంకెలు విన్నారా? యేఖ్, దుయ్, త్రిన్, శ్తార్, పాంజ్. కాస్త హిందీ తెలిసినవాళ్లకైనా వెంటనే అర్థమైపోతాయి. 1944 ఆగస్టు 2 రాత్రి ఆష్‌విట్జ్‌లో ఒక్క రాత్రిలోనే 4,000 మందికి పైగా రోమా పిల్లల్ని, ఆడవాళ్లను, మగవాళ్లను గ్యాస్‌తో చంపారు. వాళ్లమీద జరిగింది జాతి హత్యాకాండ అని పశ్చిమ జర్మనీ ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1982 దాకా పట్టింది. బెర్లిన్‌లో వాళ్లకు స్మారకం వచ్చింది 2012లో. బతికున్నప్పుడు వెలివేసినవాళ్లను చచ్చాక కూడా లోకం వరసలో చివరనే నిలబెట్టింది. ఈ మాట వింటే మనలో చాలామందికి వేరే వివరణ అక్కర్లేదు.

సరిగ్గా గుర్తుంచుకోవడం

అమెరికా సేనాపతి ఐసెన్‌హోవర్ 1945 ఏప్రిల్ 12న ఓర్డ్రుఫ్ శిబిరాన్ని పట్టుబట్టి స్వయంగా చూశాడు. రేపు ఎవరైనా ఇదంతా కట్టుకథ అంటే, కళ్లతో చూసిన సాక్షిగా నిలబడాలని. పత్రికలవాళ్లను, చట్టసభల సభ్యులను కూడా రప్పించాడు. ఆయన భయపడినట్టే, అబద్ధమనేవాళ్లు తర్వాత వచ్చారు.

ఆష్‌విట్జ్ స్మారక ఫలకాల మీద చాలా ఏళ్లు 40 లక్షల మంది చనిపోయారని ఉండేది. రికార్డులు పరిశీలించిన చరిత్రకారులు సుమారు 11 లక్షలని తేల్చారు. 1990లో ఆ పాత ఫలకాలు తీసేశారు. దీనివల్ల నేరం తగ్గిందా? లేదు. నిజం మన వైపు ఉన్నప్పుడు అంకె పెంచాల్సిన పని లేదు. పెంచితే, అబద్ధాలకోరు చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు.

2005లో ఐక్యరాజ్య సమితి జనవరి 27ను అంతర్జాతీయ సంస్మరణ దినంగా ప్రకటించింది. మంచిదే. జర్మన్ కళాకారుడు గుంటర్ డెమ్నిగ్ ఇంకో పని మొదలుపెట్టాడు. బాధితులు ఒకప్పుడు ఉన్న ఇంటి ముందు, కాలిబాటలో, అరచేతిలో పట్టేంత ఇత్తడి పలక అమరుస్తారు. దాని మీద ఒక్క మనిషి పేరు, పుట్టిన సంవత్సరం, ఆ మనిషికి ఏమైందీ ఉంటాయి. చదవాలంటే తల వంచాలి. అలాంటివి ఐరోపాలో ఇప్పుడు లక్షకు పైగా ఉన్నాయి. లక్షల సంఖ్య మనసుకు ఆనదు. ఒక పేరు, ఒక గడప ఆనతాయి.

ఈ వారం కూర్చున్నప్పుడు కలిసి చర్చించండి

1. మనం జరుపుకునే సంస్మరణ సభల్లో చనిపోయినవాళ్ల పేర్లు చదువుతున్నామా, లెక్క మాత్రమే చెబుతున్నామా?

2. మనకు జరిగిన అన్యాయం చెప్పేటప్పుడు తేదీ, చోటు, సంఖ్య సరిచూసుకుంటున్నామా?

3. మన జ్ఞాపకాల్లో చోటు దొరకనివాళ్లు ఎవరు? వాళ్లలో ఒక్కరి గురించైనా తెలుసుకుని, వచ్చే వారం సభలో పేరు పెట్టి చెప్పండి.