అడగాల్సింది జవానుని కాదు

సికింద్రాబాద్

అమ్మలూ,

నీ మెసేజీ రాత్రి చదివాను. ఫోనులో తేలే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను. యుద్ధం వద్దన్నంత మాత్రాన సైనికులకి ద్రోహం చేసినట్టేనా అని అడిగావు. కాదు. మీ బాబాయి ఆ రోజు భోజనాల దగ్గర అందరి ముందూ నిన్ను దేశద్రోహి అనడం తప్పు. ఆ మాట ఆయనకి నేనే చెప్పాను. కానీ నువ్వు తిరిగి అన్నది కూడా నాకు గుచ్చుకుంది. "జీతం తీసుకునేగా వెళ్ళాడు, ఎవరు వెళ్ళమన్నారు?" అన్నావు. మీ పెదనాన్న అప్పుడు నీ వెనకే కూర్చున్నారు. ఆయనకి కుడిచెవి వినపడదు కాబట్టి సరిపోయింది.

ఆ చెవి ఎలా పోయిందో మీ పిల్లలెవరికీ సరిగా తెలియదు. ఆయన చెప్పరు. నేను చెబుతాను.

1987 జూలై 29న రాజీవ్ గాంధీ కొలంబోలో శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనేతో ఒప్పందం మీద సంతకం పెట్టారు. మర్నాడు గౌరవ వందనం తీసుకుంటుంటే శ్రీలంక నావికుడొకడు తుపాకీ తిరగేసి ఆయన్ని కొట్టాడు. ఆ ఫొటో పేపర్లో చూసి భయపడ్డాం. అప్పటికే మన సికింద్రాబాద్ 54వ డివిజన్‌కి జాఫ్నా వెళ్ళమని ఉత్తర్వులు వచ్చేశాయి. మీ పెదనాన్న అందులో సప్లై లారీ డ్రైవరు. ఆ దళానికి పెట్టిన పేరు శాంతిసేన. అక్కడ విడిగా దేశం కావాలని పోరాడుతున్న తమిళ పులులు ఆయుధాలు అప్పగిస్తారు, మనవాళ్ళు మధ్యలో నిలబడి చూస్తారు, కొద్ది నెలల్లో తిరిగొచ్చేస్తారు అన్నారు. జాఫ్నా జనం మొదట్లో పూలదండలు వేసి ఎదురొచ్చారు కూడా. అక్టోబరు వచ్చేసరికి ఆ పులులతోనే యుద్ధం మొదలైంది.

11వ తేదీ రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్లలోంచి జవాన్లని దింపారు. పులుల నాయకుల్ని పట్టుకోవాలని ఎత్తు. ఆ కబురు ముందే అవతలివాళ్ళకి చేరిపోయింది. అక్కడ దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మందిలో 29 మంది చనిపోయారు, ఒకరు పట్టుబడ్డారు. ఇక్కడ క్వార్టర్ల వరసలో ఆడవాళ్ళం ఇవన్నీ ముక్కలు ముక్కలుగా వినేవాళ్ళం. ఒకరి ఇంటికి తెలియనివాళ్ళు ఇద్దరు యూనిఫాంలో వస్తే, మిగతా ఇళ్ళ తలుపులన్నీ తెరుచుకునేవి. ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

ఉత్తరాలు 56 ఏపీవో అడ్రసు మీద నడిచేవి. ఎక్కడున్నదీ రాయకూడదు. ఆయన మాత్రం "ఇక్కడ తాటిచెట్లు అచ్చం మన వైపు లాగే ఉన్నాయి, మనుషులు కూడా" అని రాశారోసారి. నాకు ఆ ఆఖరి రెండు ముక్కలు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఆ మరుసటి ఏడాది రోడ్డు కింద మందుపాతర పేలి ముందు లారీ ముక్కలైపోయింది. వెనక ఈయన లారీ బోల్తా పడింది. అలా పోయింది చెవి. ముందు లారీ తోలినతను మా వరసలోనే ఉండేవాడు. అతని భార్య బిడ్డనెత్తుకుని క్వార్టరు ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

ఇంత చూసినదాన్ని కనక చెబుతున్నాను. శ్రీలంకకి సైన్యాన్ని పంపడం తప్పని నేను అప్పుడే అనుకున్నాను, ఇప్పటికీ అదే అంటాను. ఎవరితో పోరాటమో ముందు తేల్చుకోలేదు. ఏది సాధిస్తే పని పూర్తయినట్టో ఎవరూ చెప్పలేదు. మనం ఒకప్పుడు శిక్షణ ఇచ్చినవాళ్ళ మీదికే మన పిల్లల్ని తోలాం. ఆయన సెలవు మీద వచ్చినప్పుడు ఈ మాటే ఆయనతో అన్నాను. కోపం తెచ్చుకుంటారనుకున్నాను. అన్నం తింటూ తలెత్తకుండా, "మేం అడక్కూడదు. మీరు అడగొచ్చుగా" అన్నారు.

ఇది బాగా ఆలోచించు. మన రాజ్యాంగంలో 33వ అధికరణం ఉంది. సైన్యంలో ఉన్నవాళ్ళ ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు చట్టం చేసి కుదించవచ్చని అది చెబుతుంది. ఆర్మీ చట్టం అలాగే కుదించింది. జవాను పేపర్లకెక్కకూడదు, రాజకీయాలు మాట్లాడకూడదు, సంఘం పెట్టుకోకూడదు. ఆ కట్టుబాటు మంచిదే. తుపాకీ ఉన్నవాడు రాజకీయం మాట్లాడితే ఏమవుతుందో చుట్టుపక్కల దేశాల్లో చూశాం. అయితే అతను నోరు కట్టేసుకుని మన చేతుల్లో ప్రాణం పెట్టినప్పుడు, ఈ పోరాటం అవసరమేనా అని అడగాల్సినవాళ్ళు ఎవరు? నువ్వూ నేనూ, మనం ఓటేసి పంపిన ఎంపీ. జవాను పేరు చెప్పి నీ నోరు మూయించాలనుకున్నవాళ్ళు, అతని తరఫున మాట్లాడగల మనిషిని ఒకరిని తగ్గిస్తున్నారు. 2003లో ఇరాక్ యుద్ధం వద్దని అమెరికా వీధుల్లో నడిచినవాళ్ళలో అదే యుద్ధానికి వెళ్ళిన సైనికుల అమ్మానాన్నలూ ఉన్నారు. వాళ్ళని ద్రోహులనగలమా?

ఇక రెండో వైపు. సైనికుల పట్ల గౌరవమంటే వాళ్ళు చేసిన ప్రతిదానికీ జేజేలు కొట్టడం కూడా కాదమ్మా. 1987 దీపావళికి జాఫ్నా ఆస్పత్రిలో మనవాళ్ళ కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి అరవై మందికి పైగా పోయారని అక్కడివాళ్ళు చెబుతారు. ఇరుపక్షాల కాల్పుల మధ్య చిక్కుకుని చనిపోయారని సైన్యం అంది. ఆ ఆస్పత్రిలో ఏటా వాళ్ళ ఫొటోలకి దండలు వేస్తున్నారు. మా ఆయన పనిచేసిన సైన్యమే కదా అని నేను దీన్ని దాచను. దాస్తే, అదే యుద్ధంలో నిగ్రహం చూపినవాళ్ళకి అన్యాయం చేసినట్టవుతుంది.

అలాంటి వాళ్ళున్నారు. 54వ డివిజన్‌కి అప్పటి నాయకుడు మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్. చర్చలకి వస్తున్న పులుల నాయకుడు ప్రభాకరన్‌ని పట్టుకోమని, లేదా కాల్చేయమని యుద్ధం మొదలుకాకముందే తనకి కబురొచ్చిందని, పై అధికారితో మాట్లాడి దాన్ని తిరస్కరించానని ఆయన తర్వాత తన పుస్తకంలో రాశారు. మాట్లాడదామని నమ్మి వచ్చేవాణ్ణి సైన్యం చంపదని వాళ్ళ జవాబు. ఆ మనిషిని ఆ రోజు చంపేసుంటే తర్వాత ఎంతమంది బతికేవారో అని వాదించేవాళ్ళుంటారు. నాకు మాత్రం ఆ జవాబు మీద గౌరవం. 1987 నవంబరు 25న మేజర్ రామస్వామి పరమేశ్వరన్ ఛాతీలో తూటా దిగాక కూడా ఎదుటివాడి తుపాకీ లాక్కుని పోరాడి చనిపోయారు. పరమవీర చక్ర ఇచ్చారు. ఆ యుద్ధం తప్పని నేనంటే ఆయన ధైర్యం ఒక్క పిసరు కూడా తగ్గదు. ఆయన ధైర్యం చూపించి ఆ యుద్ధం ఒప్పని నాకు ఎవరూ చెప్పలేరు.

నువ్వన్న మాట నాకెందుకు గుచ్చుకుందో చెప్పాలంటే మద్రాసు రేవు దగ్గరికి రావాలి. వీపీ సింగ్ ప్రభుత్వం వచ్చాక సైన్యాన్ని వెనక్కి పిలిచారు. 1990 మార్చి 24న ఆఖరి దళం ట్రింకోమలీ వదిలింది. మద్రాసులో స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. అక్కడి తమిళుల్ని చంపిన సైన్యానికి తాను స్వాగతం చెప్పలేనని ఆయన ఉద్దేశం. ఆ కోపంలో న్యాయం లేదని నేననను. జాఫ్నాలో పోయినవాళ్ళు ఆయన భాష మాట్లాడే మనుషులు. కానీ సైన్యాన్ని అక్కడికి పంపిన నిర్ణయం ఢిల్లీది. ఆ కోపమంతా వచ్చి ఓడ దిగుతున్న కుర్రాళ్ళ మీద పడింది. మీ పెదనాన్న అంతకు ముందే వచ్చేశారు. ఆ వార్త ఇంట్లో పేపర్లో చదివారు. చదివి, పేపరు మడిచి, యూనిఫాం ఇస్త్రీ చేసుకున్నారు.

ఆ యుద్ధంలో మనవాళ్ళు దాదాపు 1200 మంది పోయారు. వాళ్ళ పేర్లు నల్లరాతి మీద చెక్కించి స్మారకం కట్టింది ఎవరో తెలుసా? శ్రీలంక ప్రభుత్వం. కొలంబో పక్కన, 2008లో. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019లో తెరిచారు. అన్ని సంవత్సరాలూ ఈ 1200 ఇళ్ళవాళ్ళు ఎవరి దగ్గర చెప్పుకోవాలి? యుద్ధాన్ని సమర్థించినవాళ్ళు అది గెలవలేదు కనక మర్చిపోయారు. వ్యతిరేకించినవాళ్ళు అది తప్పు కనక పట్టించుకోలేదు. ఇద్దరూ కలిసి ఆ ఇళ్ళని వదిలేశారు. నువ్వు ఆ రెండో గుంపులో చేరకూడదనే ఈ ఉత్తరం.

జీతం సంగతి కూడా అన్నావు. తీసుకుంటారు. మన ఊళ్ళ నుంచి పదో తరగతి, ఇంటరు అయ్యాక ఆర్మీ సెలక్షన్ పరుగు కోసం తెల్లారుజామున రోడ్డెక్కే పిల్లలు ముందు చూసుకునేది ఇంటికి అన్నమే. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం ఉంది చూడు, అక్కడి నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి కూడా వెళ్ళారు. బ్రిటిష్ రాజు కోసం యుద్ధం చేశారని వాళ్ళని ఇవాళ ఎవరైనా నిందిస్తారా? ఊరు వాళ్ళని తలుచుకుంటూనే ఉంది. ఉద్యోగంగా వెళ్ళినవాడికి ఏ యుద్ధమో ఎంచుకునే వీలుండదు.

ఇప్పుడున్న సంగతికొస్తే, 2022లో అగ్నిపథ్ తెచ్చారు. నాలుగేళ్ళ కొలువు, అలా చేరినవాళ్ళని అగ్నివీరులంటారు, వాళ్ళలో నాలుగో వంతు మందినే ఆ తర్వాత ఉంచుకుంటారు. 2025 మేలో సరిహద్దులో చనిపోయిన మన మురళీ నాయక్ అగ్నివీరుడే. శ్రీ సత్యసాయి జిల్లాలో తండా కుర్రాడు. అంతిమయాత్రకి జనం విరగబడ్డారు, మంచిదే. అగ్నివీరుడు పోతే బీమా సొమ్ము, పరిహారం ఇస్తారు. రెగ్యులర్ జవాను కుటుంబానికి నెలనెలా వచ్చే పింఛను మాత్రం అతని ఇంటికి లేదు. జై జవాన్ అని అరిచిన బాబాయిని ఈ ప్రశ్న అడుగు. యుద్ధం కావాలా వద్దా అన్న దగ్గర మీకు కుదరకపోవచ్చు, దీని దగ్గర కుదరకపోతే అప్పుడు నాకు చెప్పు.

నీ స్నేహితురాలి అన్న అగ్నివీరుడని, నీ పోస్టు చూశాక ఆ పిల్ల మాట్లాడ్డం మానేసిందని రాశావు. పోస్టు తీసేయకు. అందులో యుద్ధం గురించి రాసినదాంట్లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. "కిరాయికి వెళ్ళినవాళ్ళు" అన్న వాక్యం ఒక్కటి తీసెయ్యి, ఎందుకు తీశావో కూడా రాయి. తర్వాత వాళ్ళింటికి వెళ్ళు. ఫోను చెయ్యకు, వెళ్ళు. వాళ్ళమ్మతో కాసేపు కూర్చో. బీమా కాగితాల్లో, బ్యాంకు ఖాతాలో నామినీ పేరు సరిగా ఉందా అని అడుగు. మా వరసలో క్వార్టరు ఖాళీ చేసి వెళ్ళిన ఆ అమ్మాయికి పేరులో ఒక్క అక్షరం తేడా వల్ల డబ్బు చేతికి రావడానికి ఏళ్ళు పట్టింది. ఏమైనా తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఎలా వెళ్ళాలో, ఎవరిని అడగాలో మీ పెదనాన్నకి బాగా తెలుసు. ఆయన్ని పంపిస్తాను.

ఆ కుర్రాడు సెలవు మీద వచ్చినప్పుడు కలిస్తే సరిహద్దులో ఏం జరిగిందని అడక్కు. వీరుడివి అనీ అనకు. తనంతట తను ఏమైనా చెబితే విను. యుద్ధం గురించి నీ అభిప్రాయం అడిగితే దాచకుండా చెప్పు. నాకులాగే నీకూ ఏ జవాబు వస్తుందో ఎవరు చూశారు.

వచ్చే ఆదివారం ఇంటికి రా. ఆయన ఎడమవైపు కూర్చుని మాట్లాడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ